పిస్టల్ మీద నైట్ సైట్లు వెలగడం మానేశాయి, వైజాగ్‌లో మార్చుకోవడం ఎలా?

కురుపాం_కొట్టు | మంగళవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు కురుపాం మార్కెట్‌లో బంగారం కొట్టు ఉంది, ఇల్లు ఎంవీపీ కాలనీ. ఆత్మరక్షణకి లైసెన్స్ మీద .32 పిస్టల్ ఉంచుకున్నాను. ఇది మా మావయ్యగారిది. విదేశంలో ఉద్యోగం చేసి 1985లో తిరిగొస్తూ తెచ్చుకున్నారు. ఆయన పోయాక వారసత్వం కింద కమిషనర్ ఆఫీసులో కాగితాలు పెట్టి నా లైసెన్స్ మీదకి ఎక్కించుకున్నాం.

సందేహం సైట్ల గురించి, అంటే పిస్టల్ మీద గురి చూసుకునే ముక్కల గురించి. ముందు ఒక చుక్క, వెనక రెండు చుక్కలు ఉన్నాయి. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే మావయ్య మ్యాగజైన్ (తూటాలు పెట్టే గూడు) తీసేసి, గదిలో లైట్లు ఆర్పి చూపించేవారు. మూడు చుక్కలూ మిణుగురుల్లా పచ్చగా వెలిగేవి. ఇప్పుడు తలుపులు, కిటికీలు అన్నీ మూసి చూసినా ఏమీ కనపడటం లేదు. టార్చ్ వేసి ఆపితే కాసేపు మసగ్గా మెరిసి పోతోంది.

వెనక సైట్ పక్కన సన్నటి అక్షరాలతో 'హెచ్3' అని చెక్కి ఉంది. అది గాడిలో బిగించిన విడి ముక్క. ముందు సైట్ మాత్రం స్లైడ్‌లోనే (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే ఉక్కు ముక్క) భాగం. దానికి రంధ్రం చేసి చిన్న గాజు గొట్టం దించారు.

తెలిసిన లేత్ ఆయన ఒకరు "పాతవి డ్రిల్‌తో తోడేసి కొత్తవి పెట్టేద్దాం, గంట పని" అన్నారు. చేయించవచ్చా? కొట్టు కట్టేసి ఇంటికి చేరేసరికి రోజూ పది దాటుతోంది, అందుకే అడుగుతున్నాను.

రిటైర్డ్_ఆర్మరర్ | మంగళవారం రాత్రి 10:15

బాబూ, ముందు ఆ లేత్ ఆయనకి వద్దని చెప్పేయండి. రేపు పొద్దున్న వరకు కూడా ఆగొద్దు.

ఆ రంధ్రంలో ఉన్నది రంగు కాదు, సీల్ చేసిన గాజు గొట్టం. లోపల ట్రిటియం వాయువు ఉంటుంది. డ్రిల్ బిట్ తగిలిందంటే గొట్టం పగులుతుంది, వాయువు ఆ షెడ్డులోకి పోతుంది. అది ఒక సంగతి. రెండోది, ముందు సైట్ స్లైడ్‌లో భాగం అంటున్నారు. చెయ్యి కాస్త అటూ ఇటూ జరిగి రంధ్రం వంకర పోతే సైట్ పోయినట్టు కాదు, స్లైడే పోయినట్టు. ఈ పిస్టల్‌కి కొత్త స్లైడ్ మీకు మన దేశంలో దొరకదు.

నౌకాదళంలో చిన్న ఆయుధాల మీద పనిచేసి వచ్చినవాడిని, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఆయుధాన్ని చూసినవాళ్లు వేరు, ఆయుధం మీద పని నేర్చినవాళ్లు వేరు. మీ లేత్ ఆయన షాఫ్టులు బ్రహ్మాండంగా తిప్పుతారేమో, ఇది ఆయన పని కాదు.

సిరిపురం_లాయర్ | మంగళవారం రాత్రి 10:32

ఆర్మరర్ గారి మాటకి చట్టం వైపు నుంచి ఒకటి జత చేస్తాను. ఆయుధాల చట్టం 1959లోని సెక్షన్ 5 చూడండి. తుపాకులు తయారుచేయడానికి, అమ్మడానికే కాదు, రిపేర్ చేయడానికి కూడా లైసెన్స్ ఉండాలి. మీకున్నది దగ్గర ఉంచుకునే లైసెన్స్. ఆ లేత్ ఆయనకి ఏ లైసెన్సూ లేదు. లైసెన్స్ లేనివాళ్ల చేతికి పిస్టల్ ఇచ్చి వదిలి రావడమే తప్పు. ఆయన మంచివారా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ గంటలో షెడ్డుకి ఎవరైనా వస్తే మీ ఇద్దరూ ఇరుక్కుంటారు.

రిపేర్ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికే వెళ్లండి. వెళ్లేటప్పుడు ఒరిజినల్ లైసెన్స్ పుస్తకం వెంట ఉండాలి. పిస్టల్ ఖాళీగా, పెట్టెలో ఉండాలి. డీలర్ తన రిజిస్టర్‌లో రాసుకుని రసీదు ఇస్తాడు, అది జాగ్రత్తగా దాచుకోండి. 2024 ఎన్నికల కోడ్ అప్పుడు మనమంతా ఆయుధాలు డిపాజిట్ చేసి రసీదులు తీసుకున్నాం కదా, ఆ పద్ధతే.

ఫిజిక్స్_మాస్టారు | బుధవారం ఉదయం 6:20

చిన వాల్తేరు నుంచి. కాలేజీలో చాలాకాలం ఈ పాఠం చెప్పాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

హెచ్3 అంటే హైడ్రోజన్-3, అదే ట్రిటియం. గొట్టం లోపలి గోడకి వెలుగునిచ్చే పదార్థం పూత ఉంటుంది, ఎక్కువగా జింక్ సల్ఫైడ్. ట్రిటియం నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు ఆ పూతకి తగిలితే వెలుగు పుడుతుంది. బ్యాటరీ అక్కర్లేదు, ఎండలో పెట్టక్కర్లేదు, పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. కానీ ట్రిటియం అర్ధాయువు 12.32 ఏళ్లు. అంటే పన్నెండేళ్లు దాటేసరికి సగం, పాతికేళ్లకి పావు వంతు. మీ సైట్లు 1985వి అనుకుంటే నలభై ఏళ్లు అయిపోయాయి. మొదట్లో ఉన్న ట్రిటియంలో ఇప్పుడు మిగిలింది దాదాపు పదో వంతే. ఇన్నేళ్లుగా ఎలక్ట్రాన్ల దెబ్బలు తిన్న పూత కూడా అలిసిపోతుంది. అందువల్ల వెలుగు ఆ లెక్క కంటే ఇంకా తక్కువే ఉంటుంది. మీ పిస్టల్‌కి ఏ లోపమూ రాలేదు, దాని ఆయుష్షు అంతే.

టార్చ్ వేసి ఆపితే మెరుస్తోంది అన్నారు. అది ట్రిటియం వెలుగు కాదు. పూత టార్చ్ కాంతిని పీల్చుకుని కాసేపు వదులుతోంది. అసలు సంగతి తేలాలంటే పిస్టల్‌ని ఒక రాత్రంతా బీరువాలో ఉంచండి. మర్నాడు రాత్రి చీకటి గదిలో ఇరవై నిమిషాలైనా ఊరికే కూర్చుని, కళ్లు చీకటికి బాగా అలవాటు పడ్డాక తీసి చూడండి. అప్పుడు కనిపించేదే మిగిలిన ట్రిటియం. ఫోన్ మాత్రం పక్కన పెట్టుకోకండి, ఒక్కసారి స్క్రీన్ చూస్తే ఆ అలవాటు పోతుంది.

గాజువాక_గేర్ | బుధవారం ఉదయం 8:05

ఇంత చర్చ ఎందుకండీ? బయటి దేశాల వెబ్‌సైట్లలో ట్రిటియం గొట్టాలు విడిగా అమ్ముతున్నారు. కీచెయిన్లలో పెట్టుకుంటారు. మిల్లీమీటరున్నర లావు, ఆరు మిల్లీమీటర్ల పొడవు, ఏ సైజు కావాలంటే ఆ సైజు. తెప్పించుకుని గాజు అంటించే గమ్‌తో పెట్టేస్తే సరి. రేడియేషన్ అంటూ భయపడేంత ఏమీ లేదు, చేతి గడియారాల్లోనే పెడుతున్నారు.

ఫిజిక్స్_మాస్టారు | బుధవారం ఉదయం 8:50

భయపడేంత లేదన్న మాటలో నిజం ఉంది, అది ఒప్పుకుంటాను. ట్రిటియం ఎలక్ట్రాన్ల శక్తి చాలా తక్కువ. సగటున 5.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ఎక్కువలో ఎక్కువ 18.6. గాలిలో అర సెంటీమీటరు దాటి పెద్దగా పోవు. గాజు గోడని దాటలేవు, మన చర్మం పైపొరనీ దాటలేవు. గొట్టం బాగున్నంతకాలం జేబులో పెట్టుకున్నా ఏమీ కాదు.

గొట్టం పగిలితే కథ మారుతుంది. వాయువుగా పీలిస్తే చాలామటుకు ఊపిరితో తిరిగి బయటికి పోతుంది. అదే ఆక్సిజన్‌తో కలిసి నీరుగా మారితే మాత్రం శరీరం దాన్ని మామూలు నీళ్లలాగే తీసుకుంటుంది. హాని వాయువుతో పోలిస్తే వేల రెట్లు ఎక్కువ. అందులో సగం బయటికి పోవడానికి పది రోజులు పడుతుంది. మీ గొట్టంలో ఉన్నది కొంచెమే, అందులోనూ పాతబడింది. ప్రాణం మీదకి రాదు. అయినా పగిలితే కిటికీలు తెరిచి, ఫ్యాను బయటికి వేసి, గదిలోంచి వచ్చేయాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పెంకులు వేళ్లతో ఏరకూడదు.

ఇక తెప్పించుకోవడం గురించి. మన దేశంలోకి రేడియోధార్మిక పదార్థం ఏది రావాలన్నా ఏఈఆర్‌బీ నిబంధనల కిందికి వస్తుంది. ఈ అణుశక్తి నియంత్రణ మండలి 1983 నుంచి ఉంది. కీచెయిన్ అని రాసినా కవర్ లోపల ఉన్నది ట్రిటియమే. కస్టమ్స్‌లో ఆగితే, "ఇది పిస్టల్ సైట్‌కండీ" అని చెప్పుకోవాల్సి వస్తుంది. ఒక బంగారం వర్తకుడికి ఆ తలనొప్పి ఎందుకు?

గాజువాక_గేర్ | బుధవారం ఉదయం 9:10

సరే మాస్టారూ, దిగుమతి సంగతి అర్థమైంది. కానీ వదిలేయమంటే ఎలా? రాత్రి పూట ఆయన గురి ఎలా చూసుకుంటారు?

డల్లాస్_వైజాగ్ | బుధవారం ఉదయం 9:45

అమెరికా నుంచి రాస్తున్నా, మాది అసలు పెదగంట్యాడ. ఇక్కడ ఇది మామూలు పని. సైట్ గాడిలో బిగించేదైతే పాతది తీసి కొత్త సెట్ కొట్టి బిగిస్తారు. గ్లాక్ కంపెనీ పిస్టళ్ల లాంటివాటిలో ముందు సైట్‌ని స్లైడ్ లోపలి నుంచి ఒక చిన్న స్క్రూ పట్టి ఉంచుతుంది, దానికి సరిపోయే సన్నటి రెంచ్ ఉంటే చాలు. మీలాగా ముందు సైట్ స్లైడ్‌లో కలిసిపోయి ఉంటే స్లైడ్‌ని సైట్లు చేసే కంపెనీకో, ఆ పనికి అనుమతి ఉన్న వర్క్‌షాపుకో పంపుతారు. వాళ్లు పాత గొట్టం తీసి కొత్తది పెట్టి పంపుతారు. ఇక్కడ కూడా గొట్టాలు విడిగా కొనుక్కుని ఇంట్లో పెట్టుకోమని ఎవరూ చెప్పరు.

కొని పంపమని అడుగుతారేమో, ముందే చెప్పేస్తున్నాను, ఏమనుకోవద్దు. తుపాకీ విడిభాగం, పైగా రేడియోధార్మిక పదార్థం. ఇటు ఎగుమతి రూల్స్, అటు మీ దిగుమతి రూల్స్. సూట్‌కేసులో పెట్టుకుని రావడం అసలే కుదరదు.

కొనేవాళ్లకి ఒక మాట. ఇక్కడ ఇప్పుడు చాలామంది ముందు చుక్క ఒక్కటే పెద్దగా, వెలుగు ఎక్కువగా పెట్టించుకుంటున్నారు. వెనక రెండూ మసగ్గా ఉంచుతారు, లేదా ఉత్త నలుపే. మూడు చుక్కలూ ఒకేలా వెలిగితే కంగారులో ఏది ముందు, ఏది వెనక అన్నది తేలదు. చుక్కలు వరసగా ఉన్నట్టే కనిపిస్తాయి గానీ ముందు చుక్క పక్కకి పోయి ఉంటుంది.

పది_మీటర్లు | బుధవారం మధ్యాహ్నం 1:30

అంకుల్, నేను ఎయిర్ పిస్టల్ షూటర్‌ని, డిగ్రీ రెండో ఏడు. మా పోటీల్లో చుక్కలే ఉండవు. ముందు నల్లటి పలక, వెనక నల్లటి గాడి. రెంటి మధ్య అటూ ఇటూ సమానంగా వెలుగు కనిపించాలి, పైఅంచులు ఒకే మట్టంలో ఉండాలి. మా కోచ్ గారు రోజూ చెప్పేది ఒకటే, చూపు ముందు సైట్ మీద నిలవాలి, టార్గెట్ మసగ్గా కనపడినా ఫర్వాలేదు.

ట్రిగ్గర్ లాగేటప్పుడు చెయ్యి కదిలితే ఏ సైట్ ఉన్నా తప్పుతుంది. మేం ఇంట్లో గోడ ముందు నిలబడి ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ ప్రాక్టీస్ చేస్తాం. మీరు కూడా చేయండి. పాత పిస్టల్ కాబట్టి డమ్మీ రౌండ్ (మందు లేని ఉత్తుత్తి తూటా) పెట్టి చేయవచ్చా అని ఆర్మరర్ అంకుల్‌ని అడిగి మొదలుపెట్టండి. పగటి వెలుగులో చెయ్యి నిలకడ వచ్చాక రాత్రి సంగతి చూసుకోవచ్చు.

సీతమ్మధార_మేడ | బుధవారం సాయంత్రం 5:15

నేను లైసెన్స్ ఉన్న మనిషిని కాదు, మావారికి ఉంది. అయినా ఈ చర్చ చదువుతుంటే ఒకటి చెప్పాలనిపించింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన తర్వాత ఊళ్లో కరెంటు లేని రాత్రులు అందరికీ గుర్తే ఉంటాయి. మా వీధంతా చెట్లు పడిపోయి, ఫోన్లు పని చేయక, దొంగలు తిరుగుతున్నారని పుకార్లు. ఒక రాత్రి గేటు దగ్గర చప్పుడైతే మావారు రివాల్వర్ తీశారు. చీకట్లో ఎవరో గోడ పట్టుకుని నిలబడ్డారు, ఆకారం తప్ప ఏమీ కనపడదు. నేను వెనక నుంచి టార్చ్ వేశాను. చూస్తే పక్కింటి పెద్దాయన, మంచినీళ్లు ఉన్నాయేమో అడగడానికి వచ్చారు. గొంతు పోయి పిలవలేకపోయారు.

ఆ రాత్రి మావారి రివాల్వర్‌కి ఎంత బాగా వెలిగే సైట్ ఉన్నా, ఎదురుగా ఉన్నది ఎవరో దానివల్ల తెలిసేది కాదు. అప్పటి నుంచి మా ఇంట్లో రివాల్వర్ లాకర్‌లో, టార్చ్ తలగడ పక్కన ఉంటాయి.

సిరిపురం_లాయర్ | బుధవారం సాయంత్రం 6:00

అమ్మా, మీరు రాసింది లైసెన్స్ ఉన్న ప్రతి ఒక్కరూ చదవాలి. చట్టం కూడా అక్కడే ఆగి చూస్తుంది. ఆత్మరక్షణ హక్కు గురించి పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్నాయి. సూర్యాస్తమయం తర్వాత ఇల్లు పగలగొట్టి లోపలికి వచ్చేవాడి విషయంలో హక్కు విస్తృతంగానే ఉంది. అయినా అవసరానికి మించి హాని చేయకూడదన్న హద్దు ప్రతిచోటా ఉంది. ఎవరో తెలియకుండా నీడ మీద కాల్చిన మనిషి కోర్టులో చెప్పుకునేది ఏమీ మిగలదు.

కురుపాం_కొట్టు | బుధవారం రాత్రి 10:20

అందరికీ ధన్యవాదాలు. లేత్ ఆయనకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. మేడమ్ రాసింది చదివాక మా ఆవిడకి కూడా చూపించాను.

మాస్టారు చెప్పినట్టు చీకట్లో కూర్చుని చూశాను. ముందు చుక్క ఉందా లేదా అన్నంత సన్నగా ఉంది. వెనక ఎడమ చుక్క అంతకన్నా కొంచెం నయం. కుడి చుక్క పూర్తిగా పోయింది.

ఇప్పుడు నా ప్రశ్న ఇది. గొట్టాలు కదపకుండా ఉన్నదాని మీదే ఏమైనా చేయవచ్చా? బైక్ నంబర్ ప్లేట్లకి రేడియం అంటించే షాపులో అడగమని మా అబ్బాయి అంటున్నాడు.

ఫిజిక్స్_మాస్టారు | గురువారం ఉదయం 6:10

ఆ షాపుల్లో అంటించేది వెలుతురు పడితే తిరగ్గొట్టే స్టిక్కరు. హెడ్‌లైట్ పడితేనే మెరుస్తుంది, చీకట్లో తనంతట తాను వెలగదు. మీకు పనికిరాదు.

మీకు కావలసింది స్ట్రాన్షియం అల్యూమినేట్ రంగు. 1990లలో జపాన్‌లో కనిపెట్టారు, ఇప్పటి మంచి గడియారాల ముళ్ల మీద ఉండేది ఎక్కువగా ఇదే. రేడియోధార్మికత అసలు లేదు, కొనడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. పాత జింక్ సల్ఫైడ్ రంగు కంటే చాలా ఎక్కువ వెలుగుతుంది, ఎక్కువసేపు ఉంటుంది. ఆకుపచ్చదే తీసుకోండి. చీకటికి అలవాటు పడ్డ కన్ను ఆకుపచ్చని అన్నిటికంటే బాగా పట్టుకుంటుంది. నారింజ, ఎరుపు అందంగా ఉంటాయి గానీ తొందరగా మసకబారతాయి.

దీని లోపం ఏమిటంటే ముందు వెలుగు తాగాలి. టార్చ్ కింద అర నిమిషం పెడితే మొదటి పది పదిహేను నిమిషాలు గట్టిగా వెలుగుతుంది, ఆపైన వేగంగా తగ్గుతుంది. లాకర్‌లో పడి ఉన్న పిస్టల్‌కి అర్ధరాత్రి తీసేసరికి ఏమీ మిగలదు. ట్రిటియం చేసే పని ఇది చేయలేదు, ఆ తేడా తెలిసే వాడాలి.

ఇంకొకటి, ఈ రంగుకి నీళ్లు పడవు. తేమ తగిలితే పొడి పాడవుతుంది. మన సముద్రపు గాలికి పైన పారదర్శక పూత లేకపోతే ఒక్క వర్షాకాలం కూడా ఆగదు.

రిటైర్డ్_ఆర్మరర్ | గురువారం ఉదయం 7:30

మాస్టారు చెప్పిన రంగు మంచి దారి. అది వేసే విధానం నేను చెబుతాను. మీరు మాత్రం డీలర్ దగ్గర పనివాడి చేతే వేయించండి, పక్కన కూర్చుని చూడండి.

మొదట మ్యాగజైన్ తీయాలి. తర్వాత స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్‌లోకి (పేలే ముందు తూటా కూర్చునే చోటు) కంటితో చూడాలి, చిటికెన వేలితో తడిమి చూడాలి. పక్కనున్న ఇంకో మనిషి కూడా చూడాలి. ఈ వరస తప్పకూడదు. ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే ఛాంబర్‌లోకి ఇంకో తూటా ఎక్కి కూర్చుంటుంది. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. స్లైడ్ విడదీసి, స్లైడ్ మీద మాత్రమే పని చేయాలి.

సైట్ ముఖం మీద ఏళ్ల నూనె పేరుకుపోయి ఉంటుంది. దూది పుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి తుడవాలి, పుల్ల తెల్లగా వచ్చేదాకా. నూనె ఏమాత్రం ఉన్నా రంగు పొరలా ఊడి వస్తుంది. అసిటోన్ వద్దు. గొట్టాన్ని పట్టి ఉంచిన గమ్ కరిగే ప్రమాదం ఉంది. గుండుసూదితో గొట్టం చుట్టూ గీరవద్దు. ముందు తెల్ల రంగు పల్చగా ఒక పూత, అది పూర్తిగా ఆరాక వెలిగే రంగు. సూది మొనతో ఒక చుక్క తీసి మధ్యలో పెట్టి వదిలేయాలి, అదే గుండ్రంగా సర్దుకుంటుంది. కుంచెతో రుద్దితే గీతలు పడతాయి. పల్చటి పొరలు రెండు మూడు వేయాలి, ప్రతి పొరకీ మధ్య బాగా ఆరనివ్వాలి. చివర పారదర్శక పూత. పైఅంచు మీద మాత్రం రంగు పడకూడదు, పగలు గురి చూసేది ఆ అంచుతోనే.

డల్లాస్ బాబు అన్నట్టు ముందు చుక్కకే రంగు వేయించండి. వెనక రెంటినీ అలాగే వదిలేయండి.

కురుపాం_కొట్టు | గురువారం ఉదయం 9:00

ఆర్మరర్ గారూ, వెనక సైట్ విడి ముక్కే కదా. దాన్ని మార్చి కొత్తది పెట్టించమంటారా? డీలర్ తన దగ్గర ఉత్త నలుపు సైట్ ఒకటి ఉందన్నాడు, గాడికి సరిపోయేలా ఆకురాయితో రాస్తానంటున్నాడు.

రిటైర్డ్_ఆర్మరర్ | గురువారం ఉదయం 9:40

అక్కర్లేదు. వెనక సైట్ కదిలిస్తే గురి మొత్తం మళ్లీ సరిచూసుకోవాలి. ఎంత తేడా వస్తుందో లెక్క చూడండి. మీ పిస్టల్‌లో ముందు సైట్‌కి, వెనక సైట్‌కి మధ్య దూరం సుమారు 125 మిల్లీమీటర్లు అనుకుందాం. పది మీటర్ల దూరంలో తూటా 60 మిల్లీమీటర్లు పక్కకి పోతోందంటే, 125ని 60తో గుణించి 10,000తో భాగించండి. 0.75 మిల్లీమీటరు వస్తుంది. అంటే వెనక సైట్ ముప్పావు మిల్లీమీటరు జరిగితే చాలు, పది మీటర్ల దగ్గర ఆరు సెంటీమీటర్ల తేడా. ఆకురాయితో రాసి బిగించే ముక్క అంత కచ్చితంగా కూర్చుంటుందని నేను నమ్మను.

ఎత్తు సంగతి కూడా అంతే. వెనక సైట్ ఎత్తయితే తూటా పైకి పోతుంది, పొట్టిదైతే కిందికి. ముందు సైట్‌కి ఇది తిరగేసి చూడాలి. మీ ముందు సైట్ మార్చలేనిది కాబట్టి వెనక ఎత్తులో తేడా వస్తే సరిచేయడానికి దారి ఉండదు.

ఎప్పుడైనా తప్పనిసరై మార్చాల్సి వస్తే, స్లైడ్‌ని తోలు చుట్టి వైస్‌లో పట్టాలి, ఇత్తడి పంచ్‌తో తట్టాలి. ఉక్కు పంచ్ పెడితే గాడి నలిగిపోతుంది. సైట్ నెట్టే సాధనం ఉంటే ఇంకా మంచిది. గాజు గొట్టాలున్న సైట్‌ని సుత్తితో కొట్టడమే నాకు ఇష్టం ఉండదు. కదిపే ముందు సైట్‌కీ స్లైడ్‌కీ కలిపి సన్నటి గీత గీసుకుంటే మళ్లీ అదే చోటుకి తేవచ్చు.

గాజువాక_గేర్ | గురువారం ఉదయం 10:15

ఈ లెక్క నాకు కొత్త, దాచుకుంటున్నాను. మరి పిస్టల్ కిందే టార్చ్ బిగించే రకం పెట్టుకుంటే?

రిటైర్డ్_ఆర్మరర్ | గురువారం ఉదయం 10:50

ఆయన పాత పిస్టల్‌కి కింద పట్టాలు ఉండవు, బిగించే చోటు లేదు. ఉన్నా నేను చెప్పను. పిస్టల్‌కి టార్చ్ బిగిస్తే, ఎవరిని చూడాలన్నా పిస్టల్ మూతి వాళ్ల మీదకి తిప్పాలి. మేడమ్ గారింటికి వచ్చిన పెద్దాయన మీదకి కూడా. ఇంట్లో వాడేవాళ్లకి ఎడమ చేతిలో విడి టార్చే మంచిది. రెండు మూడు వందల ల్యూమెన్లు ఉన్నది చాలు, తెల్ల గోడల ఇంట్లో అంతకు మించితే తిరిగి మన కళ్లకే కొడుతుంది. టార్చ్ వెలిగాక ఎదుటి మనిషి మీద వెలుతురు పడి, మన సైట్లు దాని ముందు నల్లగా కనిపిస్తాయి. అప్పుడు చుక్కలు వెలిగినా వెలగకపోయినా పెద్ద తేడా ఉండదు.

కురుపాం_కొట్టు | తర్వాతి సోమవారం రాత్రి 9:30

పని అయింది. లైసెన్స్ పుస్తకం, పెట్టె పట్టుకుని డీలర్ దగ్గరికి వెళ్లాను. రిజిస్టర్‌లో రాసుకున్నారు. ఆర్మరర్ గారు రాసిన వరస ఫోన్‌లో చూపిస్తే ఆ పనివాడు, "ఇదే సరైన పద్ధతి" అన్నాడు. దూది పుల్లలు నల్లగా, ఆ తర్వాత గోధుమరంగులో వచ్చాయి. తెల్లగా వచ్చేదాకా ఆపలేదు. పూతల మధ్య ఆరాలని స్లైడ్ వాళ్ల లాకర్‌లో పెట్టమన్నాను. రసీదు తీసుకుని మర్నాడు తెచ్చుకున్నాను.

ముందు చుక్క ఇప్పుడు పగలు కూడా తెల్లగా, స్పష్టంగా కనిపిస్తోంది. నా వయసుకి అది చాలా ఉపయోగం. టార్చ్ చూపించి లైటు ఆర్పితే, గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి తెలుస్తోంది. కాసేపటికి తగ్గుతోంది, మాస్టారు చెప్పినట్టే. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేశాను. నూనె గుడ్డతో తుడిచేటప్పుడు ముందు సైట్ దగ్గర చెయ్యి ఆపమని పనివాడు చెప్పాడు.

మంచి టార్చ్ రెండు కొన్నాను, ఒకటి మంచం పక్కకి, ఒకటి మెట్ల దగ్గరికి. రాత్రి ఎవరు లేచి తిరిగినా ముందు నోటితో పలకాలని ఇంట్లో అందరికీ చెప్పాం. మా అబ్బాయి హాస్టల్ నుంచి చెప్పకుండా వస్తుంటాడు, వాడికి గట్టిగా చెప్పాం.

పది_మీటర్లు | సోమవారం రాత్రి 9:55

సూపర్ అంకుల్! రేంజ్‌లో ఒకసారి పేపర్ మీద కాల్చి చూసుకోండి. ఇదివరకు చుక్క మీద చూపు పెట్టే అలవాటు లేకపోతే, కొత్త చుక్క కళ్లని లాగి తూటాలు పైకి పోవచ్చు. పైఅంచుతో ఒక వరస, చుక్కతో ఒక వరస కాల్చి రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి చూడండి.

మల్కాపురం_పడవ | సోమవారం రాత్రి 10:30

మాస్టారూ, ఇక్కడే ఒకటి అడుగుతాను. మా నాన్నగారు పాత ఓడ సామాన్లలో కొన్న ఇత్తడి గడియారం ఒకటి ఉంది, చాలా పాతది. అంకెలు ఒకప్పుడు చీకట్లో వెలిగేవట. ఇప్పుడు గోధుమరంగుకి తిరిగి పొడిపొడిగా రాలుతున్నాయి. ఈ కొత్త రంగు దానికి వేయవచ్చా? పాతది గీకేయాలనుకుంటున్నాను.

ఫిజిక్స్_మాస్టారు | సోమవారం రాత్రి 10:45

గీకవద్దు. వెనక మూత కూడా తెరవద్దు. అంత పాత ఓడ గడియారమైతే అది రేడియం కావచ్చు. రేడియం అర్ధాయువు 1600 ఏళ్లు. వెలుగు పోయింది పూత పాడై, రేడియం మాత్రం దాదాపు అంతా అలాగే ఉంది. ట్రిటియంలా గాజు లోపల ఆగిపోయేది కాదు, గామా కిరణాలు కూడా వస్తాయి. రాలిన పొడి ఊపిరితో లోపలికి పోతే ఎముకల్లో చేరుతుంది. ఇంట్లో ఉన్న వస్తువులన్నిటిలో మీరు జాగ్రత్తపడాల్సింది దాంతోనే.

గైగర్ కౌంటర్ (రేడియేషన్ పట్టే యంత్రం) దగ్గర పెడితే రేడియం వెంటనే పలుకుతుంది. యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగంలో అడగండి, కానీ గడియారం మోసుకుపోకండి, ముందు మాట్లాడండి. ఈలోపు గాజు పగలకుండా మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, పడక గదిలో కాకుండా ఎవరూ కూర్చోని చోట ఉంచండి. రాలిన పొడి కనిపిస్తే చీపురుతో ఊడవకండి, తడి గుడ్డతో ఒత్తి తీసి ఆ గుడ్డ కూడా వేరే సంచిలో వేయండి. పిల్లలు ముట్టుకోకూడదు.

మల్కాపురం_పడవ | సోమవారం రాత్రి 10:52

అది హాల్లో టీవీ పక్కన ఉంది. ఇప్పుడే తీసి సంచిలో కట్టి, డాబా మీద సామాన్ల గదిలో పెట్టి తాళం వేస్తున్నాను. రేపు యూనివర్సిటీకి ఫోన్ చేసి ఏమన్నారో ఇక్కడ రాస్తాను.